అక్క పెళ్లిలో రెండు కెపాసిటర్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నేనే కాదు, మా బాపు కూడా నమ్మేవాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికొచ్చి నెల కాలేదు. కంఠేశ్వర్‌లో మా గల్లీలో ఎవరి మిక్సీ మొరాయించినా "మా బిడ్డ సూస్తది, తీస్కరాండ్రి" అనేవాడు. (చూసేదాన్ని. చూడడం వరకే.)

అప్పుడే మా అక్క పెళ్లి వచ్చింది. నడి ఎండాకాలం. పొద్దున్నే చర్చికి వెళ్లి చూస్తే, సరిగ్గా పెళ్లి జంట నిలబడే చోట ఫ్యాను తిరగడం లేదు. కెపాసిటర్ పోయిందని తేల్చేశాను. అంతవరకు సరిగ్గానే చెప్పాను. దుకాణంలో ఆ విలువది దొరకలేదు, అందులో సగం విలువవి రెండు ఇచ్చారు. సగమూ సగమూ కలిస్తే ఒకటి కదా అని నిచ్చెనెక్కి, ఒకదాని చివర మరొకటి వరసగా కట్టేశాను. స్విచ్ వేస్తే రెక్కలు బద్ధకంగా కదిలాయి. "మెల్లగ అందుకుంటది బాపూ" అన్నాను.

అందుకోలేదు. బోధన్ నుంచి వచ్చిన పెళ్లికొడుకు నల్ల సూటులో చెమటై కారిపోతున్నాడు. అయ్యగారు బైబిలు పట్టుకుని "ఈమెను భార్యగా స్వీకరించుటకు నీకు సమ్మతమేనా?" అని అడిగారు. అతను నుదురు తుడుచుకుంటూ పైన ఫ్యానునే చూస్తున్నాడు. ముందు వరసలో మా మేనత్త "పొల్లగానికి ఇష్టం లేదా ఏంది?" అని అందరికీ వినిపించేలా గొణిగింది. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. బాపు ముఖం పాలిపోయింది.

మా అక్క వెనకాల పూలు పట్టుకుని నిలబడ్డ నావైపు తిరిగాడు పెళ్లికొడుకు. (బోధన్‌లో మోటార్లు బాగుచేసే షాపు ఆయనది. ఆ సంగతి నాకు తెలుసు, గుర్తు రాలేదంతే.)

"గా ఫ్యాను సేసింది నువ్వేనా?"

"అవును బావా."

"కెపాసిటర్లు సిరీస్‌ల కట్టినవా? గట్ల కడితే తగ్గుతది పిల్లా. సగంల సగమైతది. రెండిటిని పక్కపక్కన పెట్టి, ఈ కొసలు ఈ కొసలకు, ఆ కొసలు ఆ కొసలకు కలుపు. అప్పుడు కూడుకుంటయి."

పరీక్షలో ఇదే ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. పట్టుచీర కొంగు దోపుకుని, స్విచ్ ఆపించి, మళ్లీ నిచ్చెనెక్కాను. కింద నిచ్చెన పట్టుకున్నది అయ్యగారే. ఈసారి గాలి దూసుకొచ్చి అక్క ముసుగు ఎగిరింది. "సమ్మతమే!" అన్నాడు బావ, అయ్యగారు మళ్లీ అడగకముందే. అక్క వంతు వచ్చినప్పుడు తనూ కావాలనే కాసేపు ఆగింది, పాపం బావకు మళ్లీ చెమట పట్టింది.

ఇప్పుడు నేను పాలిటెక్నిక్‌లో ఈ పాఠమే చెబుతున్నాను. క్లాసుకు వెళ్లేముందు ప్రతిసారీ పుస్తకం తెరిచి ఒకసారి చూసుకుంటాను. ఏమీ చూసుకోకుండా, అంత ధీమాగా నిచ్చెనెక్కిన ఆ అమ్మాయి గుర్తొస్తే సిగ్గుతో పాటు కొంచెం అసూయ కూడా కలుగుతుంది.