జడలో పొగాకు వాసన

బాన్సువాడ బస్సులో పక్కన కూర్చున్నామె బీడీల సంచిలోంచి పొగాకు వాసన రాగానే నాకు నాలుగో తరగతి గుర్తొచ్చింది.

"క్లింగ్ అంటే గట్టిగ అంటుకొని ఉండుడు. ఒక్కొక్కరు ఒక వాక్యం చెప్పుండ్రి," అన్నారు ఇంగ్లిష్ సార్. కాళ్లకు బురద, వేళ్లకు జిగురు అంటూ అందరూ చెబుతున్నారు. నా వంతు దగ్గరపడేకొద్దీ జడను వెనక్కి నెట్టుకున్నాను. పొద్దున అమ్మ బీడీలు చుట్టిన చేతులతోనే నాకు జడ వేసింది. ఆ వాసన క్లాసంతా పట్టేసిందనుకున్నాను.

సార్ దగ్గరికొచ్చి, "మీ అమ్మ బీడీలు చేస్తదా బిడ్డా?" అన్నారు.

"లేదు సార్."

ఇప్పుడనిపిస్తుంది, జడకు అంటుకున్న వాసన మీద నాకో వాక్యం అందించాలనే అడిగారేమో.

బస్సులో ఆమె సంచి అవతలికి జరుపుతూ, "వాసనొస్తుందా అక్కా?" అంది.

"మా అమ్మ గూడ బీడీలే చేస్తది," అన్నాను.

ఆ రోజు సార్‌కు చెప్పాల్సిన మాట అది.