ఉమ్మడి మూల

చంద్రగిరి దాటి స్వర్ణముఖి వైపు తిరిగితే మా ఊరు. ఊళ్లో మాది తొట్టి ఇల్లు. నడిమధ్యన ఆకాశానికి తెరిచిన తొట్టి, దానిలోకి నాలుగు వైపుల నుంచి వాలిన నాటు పెంకుల కప్పు, మూలకొకటిగా కప్పును మోసే టేకు స్తంభాలు. మా ముత్తాత చెరకు ఆడించి, బెల్లం అమ్మి కట్టించాడు. గోడల సున్నంలో కరక్కాయ నీళ్లతో పాటు బెల్లం నీళ్లు కూడా పోయించాడట. గోడలు తాగిన తీపిలో కొంచెం మా నోళ్లకు కూడా మిగిల్చి ఉంటే నాకిది రాసే పని ఉండేది కాదు.

తాత కాలంలోనే ఆయన ఇద్దరు కొడుకులకూ భాగాలు పడ్డాయి. గోడ కడితే వెలుతురు రాదని పెద్దలు అడ్డుగోడ వద్దన్నారు. తూర్పు, దక్షిణం వరసల గదులు పెద్దవాడికి, పడమర, ఉత్తరం వరసలు చిన్నవాడికి ఇచ్చి, తొట్టినీ, వరసలు కలిసే మూలలనీ ఉమ్మడి చేశారు. ఒకరు ఒప్పుకోకుండా ఇంకొకరు ఉమ్మడిదాన్ని ముట్టకూడదన్నారు. ఉమ్మడి అంటే ఇద్దరిదీ అని వాళ్ల ఉద్దేశం. ఎవరిదీ కాదని మా ఆచరణ.

పెద్ద భాగం ఇప్పుడు మా పెదనాయన కొడుకుది. ఆయన పక్కనే స్లాబు ఇల్లు కట్టుకుని, పాత గదుల్లో వేరుశనగ మూటలు, పశువుల దాణా వేసుకున్నాడు. చిన్న భాగం నాది. తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వచ్చి తాళం తీసి, దుమ్ము దులిపి, మళ్లీ తాళం వేసి వెళ్తుంటాను. రిటైరయ్యాక ఇక్కడే ఉంటానంటే మా ఆవిడ, "మీరు రిటైరయ్యేది సరే. ముందు ఆ ఇల్లు రిటైరవకుండా సూసుకోండి" అంది.

అన్నంత పనీ అయ్యేట్టుంది. దక్షిణం వాలూ పడమటి వాలూ కలిసే నైరుతి మూలలో పెంకులు పగిలి, నీళ్లన్నీ కింది స్తంభంలోకి దిగుతున్నాయి. స్తంభం అడుగు మెత్తబడింది. ఆ స్తంభం పడితే రెండు వరసల కప్పూ దాని వెనకే వస్తుంది.

అన్నను అడిగాను. ఆషాఢంలో వద్దన్నాడు. శ్రావణంలో అడిగితే వాస్తు ఆయన్ను కనుక్కుని వచ్చాడు.

"నైరుతి కదిలిస్తే ఇంటి పెద్దకు కీడంటరా. ఈ ఇంటికి పెద్ద ఎవురు?"

"నువ్వేన్నా."

"అందుకే నీకు తొందర."

భాద్రపదంలో పితృపక్షాలన్నాడు. నాకు ఒళ్లు మండి, నా సగం నేను చేయించుకుంటానన్నాను. "కొండమీద సగం గుండు కొట్టించుకుని దిగినట్టుంటాది" అని మా ఆవిడ నవ్వింది. నేను వినలేదు. నాటు పెంకులు దొరక్క మంగళూరు పెంకులు తెప్పించి, మూలలో సరిగ్గా మధ్యకు సుద్దగీత గీసి, గీత దాటొద్దని మేస్త్రీకి మరీ మరీ చెప్పాను. తాత కూడా అంత ఖచ్చితంగా పంచి ఉండడు.

కార్తీకంలో వాయుగుండం వచ్చింది. పొద్దున్నే అన్న ఫోను.

"ఒరే, యాడుండావు? ఉన్నపళంగా రా!"

వెళ్లేసరికి లుంగీ ఎగగట్టి, తొట్టిలో పిక్కల్లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. నా కొత్త పెంకులు ఆయన పాత పెంకుల కంటే ఎత్తు. నా వైపు నీళ్లు కూడా గీత దాటి ఆయన వైపే దూకుతున్నాయి. లోపల వేరుశనగ మూటలు నానిపోయాయి.

"ఏమప్పా, నీ ఇల్లు బాగుచేసుకున్నావా, నా ఇల్లు ముంచినావా?"

"నీళ్లకు భాగాలు తెలుస్తాయాన్నా?"

"నీకు తెలుసు కదా! గీత గీసినోడివి!" అంటూ కోపంగా స్తంభం మీద చెయ్యి వేసి నెట్టాడు.

కదిలింది. పైనుంచి మట్టి రాలి మా ఇద్దరి నెత్తిమీదా పడింది. ఉమ్మడిగా.

"ఇది కదల్తా ఉండాది రా."

"అప్పట్నుంచీ అదే చెప్తా ఉండా కదన్నా."

"చెప్పినావు. ఇంత కదల్తాదని చెప్పినావా?"

సెల్లు తుడుచుకుని పంచాంగం చూశాడు. "రేపు అష్టమి. ఎల్లుండి నవమి. దశమికి మేస్త్రీని పిలుస్తాం."

"దశమి దాకా ఇది నిలబడొద్దా?"

దానికి మాత్రం ముహూర్తం చూడలేదు. పశువుల కొట్టంలో నుంచి నీలగిరి కొయ్య ఒకటి ఈడ్చుకొచ్చాడు. ఇద్దరం భుజం పెట్టి కప్పు కిందికి ఎత్తాం. కొయ్య అడుగు ఎక్కడ ఆనించాలన్న దగ్గర మళ్లీ ఆగిపోయాం.

"నా పక్క వద్దప్పా. దాణా మూటలు తెచ్చేది ఈ తలుపులోనే."

"నా పక్క నా వాకిలుండాదే!"

"నువ్వు వచ్చేది ఆదివారం కదరా."

కొయ్య బరువు భుజం మీద ఉండగా ఎవరితోనైనా ఎంతసేపని వాదిస్తాం? నా వాకిలికి అడ్డంగా ఏటవాలుగా ఆనించాం.

దశమి వచ్చింది, పోయింది. ఆ తర్వాత వచ్చిన దశములూ పోయాయి. "నిలబడే ఉండాది కదరా, ఏం తొందర?" అంటాడు అన్న. నా గదిలోకి నేను పక్కకు తిరిగి, పొట్ట లోపలికి బిగబట్టి దూరుతున్నాను. పోయిన ఆదివారం ఎవరూ లేనప్పుడు స్తంభాన్ని వేలితో మెల్లగా నెట్టి చూశాను. కదిలింది. గబగబా మళ్లీ వెనక్కి సర్ది, తాళం వేసుకుని బస్సెక్కాను.