ఊరిబిండికి కల్కండు

సుందరరాజ చివరిగా చేసిన పని ఒక స్టీలు డబ్బా తోమడం. ఉడుమలైపేటలో ఇంటి వెనక కుళాయి దగ్గర కూర్చుని చింతపండు పిప్పితో తళతళలాడేట్టు తోమాడు. తువ్వాలుతో తుడిచి, వంటింట్లోకి పోయి అందులో ఏదో పోసి మూత బిగించాడు. ఇరుగుపొరుగుల గిన్నె ఉత్తగా తిప్పి పంపకూడదన్నది వాళ్ళ ఇళ్ళలో పాత కట్టుబాటు. బస్టాండు దాకా నడిచిపోయి డబ్బాను కోయంబత్తూరు బస్సు కండక్టరు చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగి కుర్చీలో వాలాడు. మళ్ళీ లేవలేదు.

ఆ బస్సు కోయంబత్తూరు చేరింది. ఆర్.ఎస్. పురంలో కొడుకు ఇంట్లో ఉంటున్న చెన్నకేశవన్ ఎప్పటిలాగే బస్టాండుకి పోయి డబ్బా తెచ్చుకున్నాడు. వంటింటి గట్టు మీద పెట్టి మూత తీశాడు. లోపల గుప్పెడు రాళ్ళ ఉప్పు.

చెన్నకేశవన్‌కి చురుక్కుమంది. కిందటి వారం ఆ డబ్బాలోనే తన చేత్తో నూరిన ఉలవల ఊరిబిండి పంపాడు. బీపీ అని కోడలు మేనక ఇంట్లో ఉప్పు తగ్గించేసింది. ఆ చప్పిడి అలవాటు చేతికీ వచ్చిందేమోనని అతనికి ముందే అనుమానం. "నోటితో చెప్పకూడదా వాడు? ఉప్పు మూటగట్టి పంపాలా?" అని గొణుక్కుంటూ ఉప్పంతా జాడీలో వంచేసి, ఫోను తీశాడు. అవతల ఎత్తగానే అందుకున్నాడు.

"ఒరే లాంగ్రీ! వయసొచ్చినా నీ ఎకసెక్కం పోలేదురా. చచ్చేదాకా నన్ను మెచ్చుకోవా?"

అవతల ఉన్నది సుందరరాజ కాదు. వాళ్ళ పక్కింటి లోకేశ్వరి. ఏడుస్తోంది.

*

లాంగ్రీ అంటే పట్టాళంలో వంటవాడు. వాళ్ళిద్దరి స్నేహం మొదలైంది ఒక మాట దగ్గర. పఠాన్‌కోట్‌లో, చలికి వేళ్ళు కొంకర్లు పోయే ఒక ఉదయం, లారీ డ్రైవరు చెన్నకేశవన్ టీ కోసం వంటశాల ముందు నిలబడి ఉన్నాడు. లోపల ఎవడో రోలు ముందు కూర్చుని మిరపకాయలను తిడుతున్నాడు.

"థూ, రోషంలేని కాయలు. ఇవి ఊరిబిండికి పనికొస్తాయా?"

ఊరిబిండి! పచ్చడికి అమ్మ వాడే మాట. ఆంధ్రా జవాన్ల నోట అతను ఎన్నడూ వినలేదు. వాళ్ళు ఇతని మాట విని "నీది అరవ తెలుగు" అని నవ్వేవాళ్ళు. తమిళ జవాన్లు "వడుగా", అంటే తెలుగోడా, అని పిలిచేవాళ్ళు. చెన్నకేశవన్ కప్పు వదిలేసి లోపలికి దూరాడు.

"ఏ ఊరన్నా నీది?"

"ఉడుమలైపేట పక్కన. నీది?"

"చిన్నమనూరు."

రోలు ముందున్నవాడు పైకి కిందికి చూశాడు. "అట్లయితే ఏంటికి నిలబడుండావు? చెయ్యి కడుక్కొని తెల్లగడ్డలు ఒలుచు."

ఆ ఒలవడం అలా సాగింది. బదిలీల్లో విడిపోయినా, మళ్ళీ ఏదో ఒక క్యాంపులో ఎదురుపడేవాళ్ళు. ఉలవలు ఏ రంగు వచ్చేదాకా వేయించాలో, చింతపండు ఎప్పుడు వేయాలో సుందరరాజ నేర్పేవాడు. బదులుగా చెన్నకేశవన్, మంచుదారిలో లారీ ఇంజను వేడి మీద ఉర్లగడ్డలు కాల్చుకునే విద్య నేర్పాడు.

సుందరరాజకి ఒక పద్ధతి ఉండేది. చెయ్యి కింద పనిచేసేవాళ్ళ వంట కుదిరితే నోటితో మెచ్చుకోడు. డబ్బాలోంచి కల్కండు, అదే పటికబెల్లం, పలుకు తీసి అరచేతిలో పెడతాడు. అంతే. ఆ తియ్యటి పలుకు కోసం మీసాలు తిరిగిన హవల్దార్లు కూడా గరిటె పట్టేవాళ్ళు. ఒకసారి లేహ్ దారిలో కొండచరియ విరిగి బండ్లు ఆగిపోతే, చెన్నకేశవన్ రోలు లేక జాకీ రాడ్డుతో ఊరిబిండి దంచాడు. సుందరరాజ వేలితో నాకి చూశాడు. చెన్నకేశవన్ చెయ్యి చాపాడు.

"చెయ్యి ముడుచుకో డ్రైవరయ్యా. డీజిలు వాసన వస్తా ఉండాది."

లారీల వెంబడి అందరూ నవ్వారు. ఆ నాడు ముడుచుకున్న చెయ్యి చెన్నకేశవన్ మళ్ళీ మళ్ళీ చాపుతూనే వచ్చాడు. పింఛను పుచ్చుకుని ఇద్దరూ ఇళ్ళు చేరాక ఆ పందెం ఫోన్లోకీ, బస్సులోకీ ఎక్కింది. సుందరరాజ వంటకం చెబితే నూరుమంది కొలతే. "ఇద్దరికి చెప్పరా" అంటే, "ఇద్దరికి చేసేది వంటనా? బొమ్మలాట" అనేవాడు. ఆ కొలతలు చిన్నవి చేసుకుని వండి, డబ్బాలో పంపేవాడు చెన్నకేశవన్. డబ్బా తిరిగొచ్చేటప్పుడు మునగాకో, వేరుశెనగలో, కొబ్బరి చిప్పో ఉండేది. కల్కండు మాత్రం ఎన్నడూ లేదు.

కరోనా జ్వరం పడి లేచాక సుందరరాజ తీర్పులు చెప్పడం మానేసి, ప్రశ్నలు పట్టుకున్నాడు. "నాలుకకు ముందర ఏది తగిలింది? పులుపా, కారమా? మింగినాక ఏం మిగిలింది?" చెన్నకేశవన్ బడిపిల్లాడిలా ఒక్కొక్కటే వివరించేవాడు. అవతల సుందరరాజ ఊపిరి బిగబట్టి వినేవాడు. "నాకు పరీక్ష పెడుతున్నాడు" అని మేనకతో చెప్పి మురిసిపోయేవాడు చెన్నకేశవన్. ఈసారి గట్టెక్కుతానని కూడా అనుకున్నాడు.

గట్టెక్కలేదు. స్నేహితుడు పోతూ పోతూ ఉప్పు పంపాడు.

*

కర్మకాండ జరిగే కరుమాది నాడు చెన్నకేశవన్ ఆ డబ్బా పట్టుకుని ఉడుమలైపేట పోయాడు. మళ్ళీ ఊరిబిండి నూరాడు. ఉప్పు ఎక్కువ వేశాడు. చుట్టాలు భోజనాలు ముగించి వెళ్ళాక, వంటింటి గుమ్మం దగ్గర సుందరరాజ భార్య సీతమ్మాళ్‌కి డబ్బా అందించాడు.

"ఫోటో ముందర పెట్టమ్మా. ఉప్పు సరిచేసినాను."

"ఉప్పేంటికన్నా?"

"కిందటి తూరి తక్కువాయెనని వాడు గుప్పెడు ఉప్పు పంపె కదా."

సీతమ్మాళ్‌కి అర్థంకాలేదు. "ఉప్పు కాదన్నా. కల్కండు పంపె. మీ ఊరిబిండి నేను తిని చెప్తిని, ఇది మా అత్త చేతి రుచి అని. అప్పుడు ఆయన పిల్లవాని మాదిరి ఎగిరి, 'డ్రైవరు గెలిచినాడు' అని చెప్పి, నన్ను తాకనియ్యకుండా తానే డబ్బాలో పోసె."

"నువ్వు తిని చెప్పడమేంది? వాడు తినలేదా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ జొరం పోతా పోతా ఆయన నాలుకను తీసుకొని పాయె అన్నా. తీపి లేదు, ఉప్పు లేదు, కారం లేదు. అంతా మన్నే. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకొనె. లాంగ్రీకి నాలుక లేదంటే డ్రైవరు వంట మానేస్తాడు అనె. మీరు ఫోన్లో చెప్తా ఉంటే కండ్లు మూసుకొని నమిలేవారు, వట్టి నోరు."

చెన్నకేశవన్ వంటింట్లో అలమర దగ్గరికి పోయాడు. ఒకే మాదిరి గాజు సీసాలు రెండు పక్కపక్కన ఉన్నాయి. రెండింటిలోనూ తెల్లటి పలుకులే. ఒకటి నిండుగా ఉంది, ఒకటి సగానికి దిగి ఉంది. దిగిన సీసాలోంచి ఒక పలుకు తీసి నాలుక మీద పెట్టుకున్నాడు.

ఉప్పు.

జాడీలో వంచేసిన ఆ గుప్పెడూ కోయంబత్తూరులో ఈపాటికి చారులోనూ కూరలోనూ కరిగిపోయింది. చెన్నకేశవన్ సీసా మూత బిగించి, ఉన్న చోటే పెట్టాడు.

సీతమ్మాళ్ వెనక నుంచి చెబుతూనే ఉంది. "మూత పెట్టే ముందర తానూ ఒక పలుకు నోట్లో వేసుకొనె అన్నా. చప్పరించి, నన్ను చూసి నవ్వి, 'శానా తియ్యగుండాది సీతా' అనె."