సాక్సోఫోన్‌కు సిరిసిల్ల లంగా

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆగస్టు పరేడ్ ఇంకా రెండు నెలలుందనగా, మా ప్రత్యేక పోలీసు బెటాలియన్ బ్యాండ్‌ను జగిత్యాల క్యాంపుకు పంపారు. నేను అప్పుడు బ్యాండ్ మాస్టర్‌ను, హోదా ఏఎస్సై. బెటాలియన్ పేరు రాయను. నా పెన్షన్ కాగితాలు ఇప్పటికీ అక్కడి నుంచే కదలాలి.

బ్యాండ్ మాస్టర్ అంటే కర్ర తిప్పుతూ ముందు నడిచేవాడని చాలామంది అనుకుంటారు. అది డ్రమ్ మేజర్ పని. వాయిద్యాలనూ వాయించేవాళ్లనూ పరేడ్ నాటికి సిద్ధం చేయడం నా పని. రెండింట్లో వాయిద్యాలే నయం, సెలవు అడగవు.

ఆ ఏడు మాకు సాక్సోఫోన్ ఉంది, వాయించే మనిషి లేడు. పాతాయన రిటైరయ్యాడు. కోరుట్లలో పెళ్లి బ్యాండ్‌లో వాయించే మల్లేశాన్ని తాత్కాలికంగా తీసుకున్నాం. అతని బ్యాండ్ అప్పటికే చెదిరిపోయింది. డ్రమ్ము దుబాయి పోయింది, క్లారినెట్ మస్కట్ పోయింది, ట్రంపెట్‌లు రెండూ ఒకే విమానంలో షార్జా పోయాయి. ఒక్క సాక్సోఫోన్‌తో పెళ్లి ఊరేగింపు నడవదు కనుక మల్లేశం కూడా తన పాస్‌పోర్టును దుబాయి ఏజెంటు చేతిలో పెట్టాడు. దుబాయిలో అతనికి దొరికే పని ఇనుప చువ్వలు వంచడం. ఇంట్లో భార్య బీడీలు చుట్టేది, బిడ్డకు ఇంకా పళ్లు రాలేదు. మా ట్రేడ్ టెస్టులో, అంటే వాయిద్యం వాయించి దాని సంరక్షణ కూడా చేసి చూపించే పరీక్షలో, గట్టెక్కితే కానిస్టేబుల్ అవుతాడు. లేదంటే విమానం ఎక్కుతాడు.

మా దగ్గర ఒక వింత ఏర్పాటు ఉండేది. ఇత్తడి వాయిద్యాలన్నీ కోత్‌లో, అంటే తుపాకులు భద్రపరిచే గదిలో, ఉంచేవారు. ఆ గదిలోకి వచ్చాక వాటికీ తుపాకుల నియమాలే. ఆ గదికి పెద్ద యాదగిరి, తుపాకులు మరమ్మతు చేసే ఆర్మరర్, హోదా హెడ్ కానిస్టేబుల్. రైఫిల్ గొట్టం తుడవడానికి పుల్‌త్రూ అని ఒకటి ఉంటుంది. పొడవాటి తాడు, ఒక కొసకు ఇత్తడి బరువు, రెండో కొసకు గుడ్డపీలిక. తుప్పు మొండికేస్తే గుడ్డకు బదులు తీగబ్రష్ తగిలిస్తారు. యాదగిరి ఆ బ్రష్‌తో సహా పుల్‌త్రూను మల్లేశం చేతికిచ్చి, సాక్సోఫోన్ లోపలంతా రుద్ది తెమ్మన్నాడు.

మల్లేశం భయపడి నా దగ్గరికొచ్చాడు. ఇద్దరం కలిసి కోత్‌కు వెళ్లాం. రైఫిల్‌కైతే ఒక కొసన బొటనవేలి గోరు పెట్టి, గోటి మీద పడ్డ వెలుతురును రెండో కొస నుంచి చూస్తారు. గొట్టం మెరిస్తే శుభ్రంగా ఉన్నట్టు. సాక్సోఫోన్ అడుగున వంపు తిరిగి ఉంటుంది. యాదగిరి ఒక కన్ను మూసుకుని మెడ వైపు నుంచి చూశాడు, వెడల్పు నోటి వైపు నుంచి చూశాడు, లోపలంతా చీకటి, మురికి పేరుకుందని తేల్చాడు. గొట్టం వంకరగా ఉందని మనవి చేశాను. వంకర గొట్టం కొన్నది బ్యాండ్ వాళ్లు, తాను కాదన్నాడు.

నిజానికి లోపల గీకడానికి ఏమీ ఉండదు. ఊదిన గాలిలోని తడి గొట్టం గోడలకు పట్టి నీరవుతుంది. రంధ్రాలను మూసే తోలు ప్యాడ్లు ఆ నీటికి ఉబ్బితే గాలి కారి, కింది స్వరాలు గురగురమంటాయి. కాబట్టి వాయించిన ప్రతిసారీ తడి తీయాలి. తీగబ్రష్ దింపితే ఇత్తడి గీరుకుపోతుంది, ప్యాడ్లు చిరుగుతాయి. పెళ్లి బ్యాండ్‌లో ఉన్నప్పుడు మల్లేశం వాయిద్యాన్ని తలకిందులుగా దులిపి ఎండలో పెట్టేవాడట. తోలు బిగుసుకుపోతుందని అది మాన్పించాను. మంచి గుడ్డ కావాలి. కోత్‌లో ఉన్న పీలికలన్నీ రైఫిల్ నూనెలో నానుతున్నాయి.

బట్ట అంటే మా వైపు సిరిసిల్లే. మల్లేశానికీ బ్యాండ్ యూనిఫాం ఇచ్చి ఉన్నాం కనుక, వేములవాడ మీదుగా బస్సులో ఇద్దరం యూనిఫాంలోనే వెళ్లాం. మగ్గాల మోతకు పక్కమనిషి మాట వినపడని వీధిలో ఆ రోజు మా బూట్ల చప్పుడు మాకు వినపడింది. చాలా మగ్గాలు ఆగిపోయి, నేసేవాళ్లు మహారాష్ట్రలోని భివండి మగ్గాలకు పోయారన్నారు. నాకు మనసు బాగోలేదు. నడుస్తున్న మగ్గాల మీద పాలిస్టర్ నేస్తున్నారు. పాలిస్టర్ మీద నీటి చుక్క వేస్తే ముత్యంలా నిలబడుతుంది, లోపలికి ఇంకదు. నూలు గుడ్డ కావాలంటే లంగాల దుకాణానికి పొమ్మన్నారు.

దుకాణంలో ఉన్నది ఒక నడివయసు ఆవిడ. ఇద్దరు పోలీసులు లంగాలు చూపించమంటే ముందు కుర్చీలు వేయించింది, తర్వాత అడిగింది:

"ఎవలికి సార్? నడుమెంత?"

"సన్నం, అక్కా. గీ రెండు వేళ్లంత," అన్నాడు మల్లేశం, సాక్సోఫోన్ మెడను తలచుకుని.

ఆవిడ లోపలున్న భర్తను పిలిచింది. నేను అప్పటికే బెల్టు విప్పుతున్నాను. పాలిష్ పెట్టిన ఇత్తడి బిళ్ల మీద గుడ్డను రుద్ది గీత పడుతుందో లేదో చూడటం నా పద్ధతి. భర్త వచ్చేసరికి దృశ్యం అలా ఉంది. సాక్సోఫోన్ కథంతా చెప్పి బయటపడటానికి రెండు చాయ్‌లు తాగేంతసేపు పట్టింది.

మెరూన్ లంగా బిళ్లను గీకలేదు, నీటి చుక్కనూ చక్కగా పీల్చుకుంది. ఆ చుక్కకు మెరూన్ రంగు పూసి నా వేలికి తిరిగిచ్చింది. చివరికి తెల్ల లంగా తీసుకున్నాం. కొత్త బట్టకు గంజి ఉంటుంది, గంజి ఉంటే తడి పీల్చదు. మల్లేశం భార్య దాన్ని మెత్తబడేదాకా ఉతికి, మెడలో ఇరుక్కోనంత వెడల్పుకు కత్తిరించి, పోగులు ఊడి ప్యాడ్ల కింద చిక్కకుండా అంచు మడిచి కుట్టింది. లాగే తాడుకు లంగా నాడానే పనికొచ్చింది. ఇత్తడి బరువు గోడలకు తగిలి దెబ్బ వేస్తుంది కనుక నాడా కొసకు చింతగింజల చిన్న మూట కట్టాం.

పరీక్షకు అసిస్టెంట్ కమాండెంట్ వచ్చారు. మల్లేశం మార్చింగ్ పాట బాగానే వాయించాడు. తర్వాత సంరక్షణ. యాదగిరి పుల్‌త్రూ, తీగబ్రష్ పళ్లెంలో పెట్టుకుని అటెన్షన్‌లో నిలబడ్డాడు. మల్లేశం వాటిని ముట్టుకోలేదు. జేబులోంచి గుడ్డ తీసి, చింతగింజల మూటను వెడల్పు నోట్లో జారవిడిచి, సాక్సోఫోన్‌ను తలకిందులు చేసి, మెడ వైపు బయటికొచ్చిన నాడా పట్టుకుని మెల్లగా లాగాడు. తెల్ల గుడ్డ తడిసి బయటికొచ్చింది. దాని నడుం దగ్గరి కుచ్చులు ఇంకా పూర్తిగా పోలేదు. అదేమిటని అధికారి అడిగారు. తెల్ల గుడ్డ అంటే సరిపోయేది. మల్లేశం ఉన్నదున్నట్టు చెప్పాడు.

"లంగ సార్. సిరిసిల్లల కొన్నం. గిది తడి గుంజుతది, గీతలు పడనియ్యది. గా తీగబ్రష్‌తోటి గీకితె బాజా కరాబైతది. బాజా కరాబైతె నేను దుబాయి పోత."

వెనక వరుసలో ఎవరో దగ్గారు. అధికారి నవ్వలేదు. ఒక కన్ను మూసుకుని ఆయన కూడా గొట్టంలోకి చూశారు, ఆయనకూ చీకటే కనిపించింది. అడుగున ఉన్న వంపును చేత్తో తడిమి, యాదగిరి వైపు చూసి, అన్నిటికంటే కింది స్వరం వాయించమన్నారు. గురక లేదు, స్వరం నిండుగా వచ్చింది. మల్లేశం పాసయ్యాడు. నాకు పట్టలేని సంతోషం వేసి ఆ పూట బ్యాండ్‌కు సెలవిచ్చేశాను. అతను కోరుట్ల వెళ్లి ఏజెంటు దగ్గర పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాడు. స్టోర్ గుమాస్తా మాత్రం లంగా అని రాయడానికి సిగ్గుపడి 'తెల్ల గుడ్డ, నాడాతో' అని రాసుకున్నాడు.

ఆ తర్వాత సర్వీసు ముగిసేదాకా, వాయిద్యం కోసం ఏది కొన్నా ముందు వాయించేవాణ్ని పిలిచి అడిగాను. ఉతికి మెత్తబడ్డ తెల్ల నూలు, మడిచి కుట్టిన అంచు, గుడ్డ చుట్టిన బరువు ఉంటే సాక్సోఫోన్‌కు చాలు. మా ప్రాంతం వాళ్లు దేశం ఎందుకు విడిచిపోతారంటే కరువనీ అప్పులనీ ఆగిన మగ్గాలనీ చెబుతారు. అన్నీ నిజమే. ఒక్కోసారి మనిషిని విమానం ఎక్కించడానికి ఒక తీగబ్రష్ కూడా సరిపోతుంది.