బస్సు బాబాయి దగ్గర దారి

బస్సు బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే: పరుగు మొదలుపెడితే దారి తప్పుతాడు. మామూలు మనుషులు ఏ ఏడాదికో ఒకసారి తప్పుతారు. ఈయన ప్రతి ఆదివారం, గడియారం పెట్టుకున్నట్టు తప్పుతాడు. ముప్పై ఏళ్లు ఇదే ఊళ్లో బస్సు నడిపిన మనిషి! అన్నేళ్లూ ఆ బస్సెక్కిన జనం ఎక్కడ దిగారోనని వీధి వీధంతా నవ్వుకుంటుంది.

ఆయన వెంట పరుగెత్తే అభాగ్యురాలు దర్జీ అక్క. పోయినేడు ఊరి పెద్ద పరుగులో ఇరవై ఒక్క కిలోమీటర్లకి పేరిచ్చి, పదకొండు దగ్గర కూలబడి, వెనకబడ్డవాళ్లని ఏరుకొచ్చే వ్యానులో ఇంటికొచ్చింది. ఆ వ్యాను సరిగ్గా వీధి మొదట్లో ఆగింది. అందరూ చూశారు. చూడనివాళ్లకి చూసినవాళ్లు చెప్పారు. అప్పట్నుంచీ కొలతలివ్వడానికొచ్చిన ప్రతి మనిషీ "పదకొండేనటగా?" అనడమే. ఈసారీ పూర్తికాకపోతే మిషను ఎత్తుకుని వేరే వీధికి పోతానని మొగుడి దగ్గర ఒట్టేసింది.

పరుగు నేర్పమని చేరిన మొదటి రోజే బాబాయికి చెప్పేసింది. "పది దాటితే నా మోకాళ్లు నా మాట వినవు బాబాయ్."

"పదే అమ్మాయ్. చెరువు పార్కు చుట్టేసి నర్సరీ మీదుగా వచ్చేద్దాం. ఫోను ఇంట్లో పడెయ్, చెట్ల మధ్య దానికేం పని?"

చెరువు పార్కు బాగానే చుట్టారు. నర్సరీ గేటు దగ్గర బాబాయి ఆగి బుర్ర గోక్కున్నాడు. "ఎడమకా, కుడికా?"

"నన్నడుగుతావేం? అదుగో, ఆ మొక్కల్నడుగు."

ఎడమకి తిరిగారు. వెదురు తోపొచ్చింది. తర్వాత కాలవగట్టు. తర్వాత ఎవరివో గుర్రాలు మేసే మైదానం. ఒక ముసలి గుర్రం మేత ఆపి ఇద్దర్నీ జాలిగా చూసింది.

"ఇదెక్కడ బాబాయ్?"

"నాకూ అదే అనుమానంగా ఉంది. ఉండు, ఇటు దగ్గర దారుంది."

ఇల్లు చేరేసరికి మొగుడు గుమ్మంలో చేతులు తుడుచుకుంటున్నాడు. "వంట నేనే చేశా. నీకోసం చూసి చూసి తినడం కూడా నేనే చేశా."

ఇక అక్కణ్నుంచి 'దగ్గర దారి' అన్నమాట వినబడితే చాలు, దర్జీ అక్క నీళ్లసీసా గట్టిగా పట్టుకునేది. ఒకసారి ఆ దగ్గర దారి గులాబీ తోటలో ఫొటో తీయించుకుంటున్న కొత్త జంట మధ్యలోంచి పోయింది. ఫొటోలవాడు బూతులు తిట్టాడు. పెళ్లికూతురు మాత్రం పగలబడి నవ్వింది. పోనీ ఎవరినైనా అడగవయ్యా అంటే బాబాయికి పౌరుషం. "డ్రైవరు పోయి ప్యాసింజర్ని దారి అడుగుతాడా?"

పోటీ మూడు వారాల్లోకి వచ్చేసరికి అక్కకి ఏడుపొక్కటే తక్కువ. "పరుగు నేర్పమంటే ఊరు తిప్పుతున్నావు. మళ్లీ నా పరువు వ్యానెక్కితే నీదే పూచీ!"

"ఈ ఆదివారం తప్పను. నా బస్సు మీద ఒట్టు."

"ఏ బస్సు? రిటైరైపోయావుగా!"

"అందుకే ధైర్యంగా వేస్తున్నా."

ఆ ఆదివారం తప్పినంత దారి ఎప్పుడూ తప్పలేదు. వెళ్లినప్పుడు ముందున్న నీడ వచ్చేటప్పటికి కాళ్ల కిందకొచ్చింది.

సోమవారం నర్సరీ తోటమాలి ప్యాంటు పొట్టి చేయించుకోడానికి కొట్టుకొచ్చాడు. "నిన్న ఇరవై రెండూ పూర్తయ్యాయా అక్కా?"

"ఇరవై రెండేమిటి?"

"అదే, కిలోమీటర్లు. బాబాయి శుక్రవారమే సైకిలుకి మీటరు కట్టుకొచ్చి ప్రతి మలుపూ కొలిచి వెళ్లాడుగా. వారం వారం ఒకటో రెండో పెంచుతాడు. ఎందుకయ్యా ఈ తంటా అంటే, 'ఆ పిల్ల కాళ్లు గట్టివే, అంకె వింటేనే కూలబడుతోంది' అన్నాడు."

దర్జీ అక్క కత్తెర గుడ్డ మధ్యలో ఆగిపోయింది. బాబాయి తప్పిన దారులన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. ఒక్కసారి కూడా నీళ్ల కుళాయి లేని దారిలో తప్పలేదు ముసలాడు! కాసేపు కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ప్యాంటు కుట్టి డబ్బులొద్దంది.

బాబాయికి మాత్రం తనకి తెలిసిందని చెప్పలేదు. పాపం, దారి తప్పడానికి అంత కష్టపడే మనిషిని నొప్పించడమెందుకు?

పోటీ రోజున ఇద్దరూ కలిసే మొదలెట్టారు. పదకొండో కిలోమీటరు బోర్డు దాటాక గానీ అక్కకి తను పోయినేడు కూలబడింది అక్కడేనని గుర్తు రాలేదు. వెనక్కి చూస్తే బాబాయి లేడు. ఇక ఆగలేదు. ఇరవై ఒకటీ పరుగెత్తి, ఆఖర్నుంచి ఆరోదిగా గీత దాటింది. మొగుడు ఈలలేశాడు. పతకం కొలత టేపులా మెళ్లో వేసుకుని నుంచుంది. బాబాయి జాడ లేదు. అరగంటైంది. బల్లలు మడతపెడుతున్నారు.

అప్పుడొచ్చాడు, అందరికంటే ఆఖర్న. పక్కనో లావుపాటి బ్యాంకు గుమాస్తా, కొలిమి తిత్తిలా రొప్పుతూ.

"ఏమైంది బాబాయ్?"

"దారి తప్పానమ్మాయ్."

దారికి రెండు పక్కలా తాళ్లు కట్టున్నాయి. మలుపుకో మనిషి జెండా పట్టుకుని నుంచున్నాడు.

గుమాస్తా గడ్డిమీద చతికిలబడ్డాడు. "పదో కిలోమీటరు దగ్గర, బయటికి పోయే గేటెక్కడని ఈయన్నడిగానండీ. నాకు తెలుసు, దగ్గర దారి, నా వెంట రండి అన్నాడు..."

దర్జీ అక్క తన నీళ్లసీసా మూత తీసి గుమాస్తా చేతికిచ్చింది. "తాగండి. ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యండి. ఫోను మాత్రం ఇంట్లో పెట్టి రండి."