పుట్టమ్మ చరణం

ధర్మవరంలో అక్కులమ్మ పొద్దున్నే రాట్నం ముందు కూర్చుందంటే మధ్యాహ్నం దాకా లేవదు. ఎడమచేతి వేళ్ల సందున పట్టుపోగు జారుతుంటుంది, కుడిచెయ్యి రాట్నం తిప్పుతుంటుంది, నోరు పాడుతూనే ఉంటుంది. పాటలన్నీ చనిపోయిన తల్లి పుట్టమ్మ కట్టినవి. ఏ పాటైనా చివరికి "పట్టు చుట్టే పుట్టమ్మ పాట ఇది" అనే చరణంతోనే ముగుస్తుంది. అక్కడ అక్కులమ్మ రాట్నం ఆపి పోగును కళ్లకద్దుకుంటుంది.

యూనివర్సిటీ లెక్చరర్ రంగనాథం పదిరోజులు ఆమె చేతి సంగటి తిని, అరవై పాటలు రాసుకుపోయి డాక్టరైనాడు. ఆ పాటలు అచ్చయిన పుస్తకాన్ని హైస్కూలు అయ్యవారు చదివి వినిపించాడు. ఒక్క పాటకూ చివరి చరణం లేదు. ప్రతి పాట కిందా "కర్త తెలియదు" అని ఉంది. అక్కులమ్మ చేతిలో పోగు పుటుక్కున తెగింది. "మళ్లీ ఈడికే రావాల కదా, రానీ" అంది.

అయిదేళ్లకు, 1964లో, రెండో పుస్తకం కోసం వచ్చాడు. ఆమె చాప వేసి, మజ్జిగ ఇచ్చి, పుట్టమ్మ చరణం అందుకుంది. ఇంకో రాగంలో మళ్లీ అదే చరణం. పద్దెనిమిది రాగాలయ్యాక రంగనాథం కలం మూతపెట్టాడు.

"పాట మొత్తం పాడమ్మా."

"పోయినసారి నువ్వు పారేసిపోయింది ఇదే సారూ. ఇది తీసుకపో."

"మరి తక్కింది ఎవర్ని అడగాలి?"

అక్కులమ్మ రాట్నం మీద అప్పుడే తెగిన పోగొకటి ముడేసుకుని తిప్పింది.

"కట్టినోళ్లు ఎవురో తెలీదని రాస్తివి గదా. ఆ తెలీనాయమ్మ యాడుండాదో ఎతుక్కోని, ఆయమ్మనే అడుగుపో."