హంసవేణి బొటనవేలు

2022వ సంవత్సరం, వానలు పట్టిన రోజులు. మదనపల్లెలోని ఒక ఆసుపత్రిలో నేను ఐసీయూ ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా ఉన్నాను. ఐసీయూ అంటే ప్రాణాపాయంలో ఉన్నవారిని కన్నుమరల్చక కనిపెట్టుకొని ఉండే విభాగం. తనంత తాను ఊపిరి తీసుకోలేని మనిషికి, గొంతులోనికి దించిన గొట్టం ద్వారా గాలి అందించే యంత్రం వెంటిలేటర్. మా ప్రాంతపు జనానికి అది ‘మిషన్’. ‘మిషన్ మీద పెట్టినారు’ అన్న మాట వినగానే సగం ఆశ వదులుకొంటారు.

ఒక ఉదయం పుంగనూరు నుంచి అంబులెన్సులో తొమ్మిదేళ్ల పిల్ల వచ్చింది. పేరు హంసవేణి. తండ్రి రెడ్డెప్ప పాలశీతలీకరణ కేంద్రంలో ఆపరేటరు, తల్లి నాగరత్న. తెల్లవారగానే పిల్ల కడుపునొప్పి అన్నదట, వాంతి చేసుకొన్నదట. రెప్పలు వాలిపోతుంటే, బడి ఎగవేయడానికి నిద్ర నటిస్తున్నదనుకొని తల్లి కసిరిందట. మాట ముద్దముద్దగా రాసాగిన తరువాత గాని భయం పుట్టలేదు. ఒంటిమీద ఎక్కడా గాటు లేకపోయినా, నేలమీద పడుకొన్నదని విని పుంగనూరు డాక్టరు కట్లపాము కాటని పోల్చుకొన్నారు. విరుగుడు మందు మొదలుపెట్టి మా వద్దకు పంపారు. దారిలోనే ఊపిరి సన్నగిల్లింది. వచ్చీ రాగానే మా డాక్టరు గొట్టం వేశారు.

కట్లపాము విషం నరానికీ కండరానికీ మధ్యనున్న సంబంధాన్ని తెంచివేస్తుంది. మనిషి కదలడు, రెప్ప ఎత్తడు. కంటిపాప సైతం వెలుగుకు ముడుచుకోకపోవచ్చు. చూసేవారికి అది శవమే. కాని తెలివి చెక్కుచెదరదు, చెవి వింటూనే ఉంటుంది. తెగిన సంబంధం తిరిగి కుదురుకొనడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతవరకు ఊపిరి నిలిపి ఉంచడమే మా పని. ఇదంతా నేను చదివినదే, శిష్యురాండ్రకు బోధించినదే. అయినా మొదటి రెండు రోజులు ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడలేదు. పక్క మార్చాను, కళ్ళలో మందు వేసి రెప్పలు మూశాను, గొట్టంలోని కఫం లాగాను. అన్నీ నేర్పుగానే చేశాను, బొమ్మకు చేసినట్లు.

మూడవనాడు కుప్పం నుంచి నాగరత్న తండ్రి మునెప్ప జీపు కట్టించుకొని వచ్చాడు. మనుమరాలి కంటిరెప్ప తానే ఎత్తి చూసి, వెనుకకు తగ్గాడు.

“సాలమ్మా, ఇంగ ఇడిసిపెట్టండి. పిల్ల పోయి మూడు దినాలయింది. మీ మిషన్ ఊదతా ఉండాది, అంతే. మా మట్టికి మేం తీసుకొనిపోతాం.”

డాక్టరు ఓపికగా చెప్పారు. మునెప్ప వినలేదు. రెడ్డెప్ప తల వంచుకొని నిలబడ్డాడు. నాగరత్న నా చేయి పట్టుకొని, “మా నాయన సెప్పినట్లే కానీండి సిస్టరమ్మా. బిడ్డను ఇంకా సూదులతో పొడిపించలేను” అన్నది. స్వంత పూచీమీద తీసుకొనిపోతామని చెప్పి, మిషన్ తీసే ఘడియ కోసం ముగ్గురూ తలుపు బయట బల్లమీద కూర్చున్నారు. గొట్టం తీస్తే ఆ పిల్ల కొద్ది నిమిషాలలో, పూర్తి తెలివితో, ఊపిరాడక పోతుంది. అది వారు నమ్మడం లేదు.

నేను డాక్టరును అరగంట గడువు అడిగాను. ఆ ఉదయం పక్క మారుస్తున్నప్పుడు ఎడమకాలి బొటనవేలు అదిరినట్లు తోచింది. మంచం దగ్గరకు వెళ్లి, మొదటిసారిగా పేరు పెట్టి పిలిచాను. “హంసవేణీ, నేను సిస్టరును. కాలి వేలు కదిలించమ్మా.”

నువ్వుగింజంత కదిలింది. వెంటనే ముగ్గురినీ లోపలికి పిలిచాను. తల్లి అడిగినప్పుడూ కదిలింది. మునెప్ప మాత్రం పెదవి విరిచాడు.

“నరం గుంజతాది లేమ్మా. కోసిన కోడి కాలు గూడా కొట్టుకుంటాది.”

“నాయనా!” అని నాగరత్న అరిచింది.

“అయితే మీరే అడగండి పెద్దాయనా. మీకూ పిల్లకూ తెలిసి, మాకు తెలియనిది అడగండి” అన్నాను.

ఆయన కొంత ఆలోచించి మంచం మీదికి వంగాడు. “ఏమే, మన పెయ్యదూడకు పోయిన సెలవుల్లో నువ్వే కదా పేరు పెట్టింది. నిజం పేరు సెప్పినప్పుడే ఏలు కదిలించల్ల. గౌరి?”

వేలు కదలలేదు.

“లక్ష్మి?”

కదలలేదు. మునెప్ప నిటారుగా నిలబడి గొంతు సవరించుకొన్నాడు.

“అసలు పేరు సెప్పు నాయనా” అన్నది కూతురు.

“నలుగురిలో ఆ పేరు ఎట్ల సెప్పేదే? ఊర్లోనే ఎన్నడూ నా నోటితో పిలిస్తినా?”

“సిగ్గుపడే సోటా ఇది?”

ఆయన డాక్టరు వంకా నా వంకా చూసి, గొంతు తగ్గించి అన్నాడు. “చాక్లెట్.”

వేలు కదిలింది. ఆయన ఈసారి గట్టిగా అన్నాడు, మళ్ళీ కదిలింది. ఇంకో రెండుసార్లు తానే పిలిచి చూసుకొన్నాడు.

పిమ్మట నా వైపు తిరిగిన ముఖం పాలిపోయి ఉన్నది. “ఏమ్మా, ఇందాక ఈడ నిలబడే గుంత తవ్వమని ఫోన్లో సెప్పినానే. అది గూడా వినిందా?”

“విని ఉంటుంది.”

ఆయన పిల్ల చెవి దగ్గర ముఖం పెట్టి, “తప్పయింది తల్లీ” అన్నాడు. బయటకు పోయి జీపును పంపివేశాడు.

తరువాత వేళ్ళు, మోచేయి, రెప్పలు ఒకదాని వెంట ఒకటి తేరుకొన్నాయి. ఏడవనాడు డాక్టరు, “రేపు మిషన్ తీసేస్తాం” అన్నారు.

మునెప్ప ఉలిక్కిపడ్డాడు. “యాల సార్ అంత తొందర? ఇంకా రెండు దినాలు ఉండనీండి.”

“ఆ దినం తీసేయమని పట్టుబట్టింది నువ్వే కద మామా!” అన్నాడు రెడ్డెప్ప.

“ఆ దినం నాకేం తెలుసప్పా?”

అవసరం తీరిన గొట్టం ఒక్కరోజు ఎక్కువ ఉన్నా ఊపిరితిత్తులకు చీము పట్టే ప్రమాదం పెరుగుతుందని ఆయనకు వివరించాను. మరునాడు మిషన్ సాయం దాదాపు ఆపి, పిల్ల తనంత తాను ఊపిరి తీస్తున్నదా అని అరగంట చూశాం. తలగడమీది నుంచి తల ఎత్తమన్నాం. అయిదు లెక్కపెట్టేదాకా నిలిపింది. మెడ నిలిపినవారు గొంతులోని కఫాన్ని దగ్గి తీయగలరని మా లెక్క. తల్లిదండ్రులు మళ్ళీ ఆ బల్లమీదనే కూర్చున్నారు.

“తీసినాక ఊపిరి రాకపోతే?” అని నాగరత్న అడిగింది.

“మళ్ళీ వేస్తాం. కావలసినవన్నీ పక్కనే ఉన్నాయి. కాని ఆ అవసరం నాకు కనబడడం లేదు” అన్నాను. అది ఓదార్పు మాట కాదు. ఆ ఉదయమంతా ఆ పిల్ల ఛాతీ ఎగసిపడడం చూసి చెప్పిన మాట.

డాక్టరు గొట్టం లాగారు. హంసవేణి దగ్గింది, బొంగురుగా ఏడ్చింది, ఊపిరి తీసింది. ఆపకుండా తీసింది. తల్లిదండ్రులను లోపలికి పిలిచాను. నాగరత్న పిల్ల తల నిమిరింది. నేను నాడి చూడబోయి మణికట్టు పట్టుకొన్నాను. పిల్ల నన్ను తేరిపార చూసింది.

“నీ చేతులు శానా సల్లగుండాయి సిస్టరా” అన్నది గుసగుసగా. “మొదటి దినం నుంచీ అంతే.”

“అట్ల అనగూడదే!” అని తల్లి కసిరింది.

పదవీ విరమణ చేసేదాకా నేను ఆ అరచేతులను రుద్దుకొని వెచ్చజేసుకొనక, నా పేరు చెప్పక, చేయబోయేదేమో చెప్పక, తెలివిలేదనుకొన్న ఏ రోగినీ ముట్టలేదు. కొత్తగా చేరిన అమ్మాయిలకు వెంటిలేటర్ మీటలకన్న ముందు అదే నేర్పాను. చాలామంది రోగులు నాకు ఎన్నడూ జవాబు చెప్పలేదు. జవాబు రానంత మాత్రాన, అవతల వినేవారు లేరని నేను మళ్ళీ అనుకోలేదు.